చూడని రోజు అంకె

1959 జూన్‌లో నన్ను వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరి హైస్కూల్లో టెంపరరీ సైన్సు టీచరుగా వేశారు. టెంపరరీ అంటే టర్ము చివర హెడ్మాస్టరు గారు పొడిగింపు కాగితం మీద సంతకం పెడితేనే కొలువు, లేకపోతే ఇంటికే.

ఆయనకు నక్షత్రాల పిచ్చి. పాఠాలు కాక నాకు అప్పగించిన పని, తిమింగలం అనే చుక్కల గుంపులోని ఒక ఎర్రచుక్కను, అది కనబడే నెలల్లో రోజూ రాత్రి తొమ్మిదికి చూసి, దాని వెలుగెంతో రిజిస్టరులో అంకె వేయడం. అది ముసలిదై ఉబ్బిపోయిన నక్షత్రం. పదకొండు నెలలకోసారి మామూలు కంటికి బాగా కనబడేంత వెలుగుతుంది, తర్వాత ఆననంతగా మసకబారుతుంది. చుట్టూ ఉన్న మారని చుక్కల్లో దీనికంటే కాస్త వెలుగు ఎక్కువున్నదొకటి, తక్కువున్నదొకటి ఎంచుకుని, ఆ రెంటి మధ్యా ఇది ఎక్కడుందో అంచనా వేయాలి. అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు. ఎర్రచుక్కను తదేకంగా చూస్తే ఉన్నదానికంటే ప్రకాశంగా తోస్తుంది గనక ఒక్క చూపు చూసి కళ్లు తిప్పుకోవాలి. నిన్నటి అంకె చూడకూడదు. నెలాఖరుకు ఆ పట్టీ ఒక అబ్జర్వేటరీకి వెళ్లేది.

అక్టోబరులో చుక్క వెలుగు పుంజుకుంటోంది. ఒకరోజు మా ఎనిమిది నెలల పాపకు ఒళ్లు కాలిపోతోంది. అంతకుముందు ఒకసారి జ్వరానికి ఫిట్సు వచ్చింది. నేను మిద్దె మెట్ల వైపు చూడటం అత్తయ్య కనిపెట్టింది.

"ఏందే, బిడ్డను నా ఒళ్లో పడేసి చుక్కను చూడబోతావా? దానికేమన్నా జొరమా, ఇయ్యాళ చూడకపోతే చచ్చిపోతాదా?"

నేను పైకి వెళ్లలేదు.

మర్నాడు జ్వరం తగ్గింది గానీ రిజిస్టరులో ఖాళీ గడి చూస్తే భయం వేసింది. పసిబిడ్డ తల్లికి ఉద్యోగమెందుకని స్టాఫ్ రూములో అప్పటికే అనుకుంటున్నారు. ముందు రోజుల అంకెలు చూసి, వరసలో ఎంత రావాలో లెక్కగట్టి, 3.6 వేసేశాను.

తర్వాత రెండు రోజులూ నిజంగానే చూశాను. చుక్క అనుకున్నంత వెలుగు లేదు. రెండు రోజులూ 3.8 అనే వేశాను.

నెలాఖరుకు హెడ్మాస్టరు గారు గ్రాఫు గీసి పిలిచారు. "ఇది చూడమ్మా, గీత మీద ముత్యంలా కూచునుంది," అని ఆయన వేలు పెట్టింది నేను చూడని రోజు మీదే. "దీన్నిబట్టి తర్వాతి ఈ రెండూ తప్పు. కన్ను అలిసినట్టుంది. కొట్టేద్దాం."

ఆయన చేతిలో ఎర్రసిరా కలం. బల్ల మీద నా పొడిగింపు కాగితం. చెబితే కొలువు పోవచ్చు. చెప్పకపోతే నేను చూసినవి పోయి, చూడనిది అబ్జర్వేటరీకి చేరుతుంది.

"కొట్టేయాల్సింది ఆ 3.6 సార్. ఆ రోజు నేను చూడలేదు."

"మబ్బా?"

"లేదు సార్. పాపకు జ్వరం."

"చూడలేదని రాస్తే నేను కోప్పడేవాణ్ణా?" అన్నారు. కోప్పడేవారో లేదో నాకిప్పటికీ తెలీదు. 3.6 కొట్టేసి పక్కన నాచేత సంతకం పెట్టించారు. మిగతా రెండూ ఉంచారు. పొడిగింపు కాగితం మీద తన సంతకం మాత్రం అయిదు రోజుల తర్వాత పెట్టారు. ఆ అయిదు రోజులూ నాకు అన్నం సయించలేదు.

రెండో కాన్పుతో ఉద్యోగం మానేశాను. గీత మీద మరీ తిన్నగా కూర్చున్న అంకెను ముందు అనుమానించాలని, చూడని చోట ఖాళీ వదలాలని ఆ నెల నేర్చుకున్నాను. ఇప్పుడు మా చిన్నదానికి టైఫాయిడ్. నాలుగు గంటలకోసారి జ్వరం చూసి రాయమని డాక్టరు గారు పట్టీ ఇచ్చారు. అందులో నిన్న రాత్రి రెండు గంటల గడి ఖాళీగా ఉంది. ఆ వేళ నేను నిద్రపోయాను. రేపు ఆయనకు అలాగే చూపిస్తాను.