కడిగిన మొప్పలు

ఎనభైల్లో నరసరావుపేట చేపల బజారుకు ఆదివారం పొద్దున్నే గొడుగు, స్టీలు డబ్బా పట్టుకుని వచ్చేవారు కాలేజీలో జువాలజీ చెప్పే కరుణాకరం గారు. అందరూ ముక్కలు కొంటే ఆయన పారేసే మొప్పలు అడిగేవారు. సముద్రపు చేపల మొప్పలను పట్టుకుని బతికే చదును పురుగులే ఆయన లోకం. బాపట్ల నుంచి ఐసు పెట్టెల్లో సముద్రమే బస్సెక్కి తన దగ్గరకు వస్తోందని మురిసిపోయేవారు. ఇంట్లో మైక్రోస్కోపు మీద వంగి, పురుగు తోక కొసన ఉండే కొక్కేలను బట్టి అది ఏ జాతిదో, ఏ కుటుంబానిదో తేల్చి, మెల్లగా ఈల వేసేవారు. చేపల్లో పురుగులంటే పాపం అమ్మేవాళ్ల బేరం పోతుందని బజారులో ఆ మాటే ఎత్తేవారు కాదు. ఒక్క పురుగు మాత్రం ఏ కుటుంబంలోనూ ఇమడలేదు. వంజరం చేప మొప్పల్లో దొరికిన ఆ ఒక్కటీ గాజుపలక మీద నలిగిపోయింది. మళ్లీ వంజరం వస్తే మొప్పలు దాచమని చేపలమ్మే సైదాబీకి చెప్పి, ఏడాదంతా ఎదురుచూశారు.

చివరికి ఒక ఆదివారం సైదాబీ నవ్వుతూ ఆకు పొట్లం విప్పింది. మొప్పలు తళతళలాడుతున్నాయి.

"ఇన్నాళ్లూ మురికివే కూరకి పట్టకపోతన్నారు సారూ. ఉప్పేసి నాలుగు నీళ్లు కడిగా. ఒక్క పురుగుంటే ఒట్టు!"

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె మొహంలో వెలుగు చూసి, "చానా బాగా కడిగావమ్మా" అన్నారు.

ఆ తర్వాత పురుగుల కోసం చివరి దుకాణానికి వెళ్లేవారు. సైదాబీ కడిగిన మొప్పలు తీసుకోవడం మాత్రం మానలేదు. వాటితో పెట్టిన చేదు పులుసు తిని, వారం వారం ఆమెకు రుచి చెప్పేవారు.