కాగితానికి అవతలివైపు

ఆఫీసులో అందరికీ ఆయన కొలతల మాస్టారు. అక్కడే ఆయన కింద పనిచేసే ఆమెకు మాత్రం సొంత మేనమామ, పని నేర్పిన గురువు. సర్క్యూట్ బోర్డు మీద ఏ భాగం కాళ్లు ఏ రంధ్రాల్లో దిగాలో చూపే బొమ్మను ఫుట్‌ప్రింట్ అంటారు. పాతికేళ్లలో అలాంటివి నాలుగు వేలు గీసి కంప్యూటర్లో లైబ్రరీగా పేర్చాడాయన. ఎవరైనా ఇంటర్నెట్లోంచి దించుకొస్తే మండిపడేవాడు.

"పక్కింటివాడి కొలతలతో నువ్వు చొక్కా కుట్టించుకుంటావురా?"

గీసిన ప్రతిదాన్నీ అసలు సైజులో పల్చటి కాగితం మీద ప్రింటు తీసి, థర్మోకోల్ మీద పరిచి, అసలు భాగాన్నే గుచ్చి చూసేవాడు. కాళ్లు సరిగ్గా దిగితేనే లైబ్రరీలో 'చూశాను' అని తన పేరు పెట్టేవాడు. ఆ కాగితం ఫైల్లోకి వెళ్లేది.

ఆ సోమవారం మూడొందల బోర్డులు తయారై వచ్చాయి. ఒక్కదాంట్లోనూ వైర్లు తగిలించే కనెక్టర్ దిగలేదు. రంధ్రాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నాయి.

ఆమె ఫైలు తీసింది. గుచ్చిన గుర్తులున్నాయి. కానీ చిల్లుల అంచులు గీతలున్న వైపుకి లేచాయి. అంటే మావయ్య ఖాళీ వైపు నుంచి గుచ్చాడు; తిరగబడిన బొమ్మ అటునుంచి సరిగ్గానే కుదురుతుంది.

"ఎవరి నిర్వాకం ఇది?" ఓనరు గుమ్మంలోంచే అరిచాడు.

"నాదే సార్," అందామె.

"ఆ కాగితం ఇటివ్వవే," అన్నాడు మావయ్య. బొటనవేలితో తడిమాడు. "గరుకు ఇటుంది. మరి గీతలెటున్నాయి?"

పట్టపగలు. కిటికీ పక్కన. కాగితం ఆయన కళ్లకు జానెడు దూరంలో ఉంది.

"ఎన్నాళ్ల నుంచి మావయ్యా?" అడిగిందామె.

"ఏడాది దాటింది. చెబితే ఇంట్లో కూర్చోమంటారుగా." ఓనరు వైపు తిరిగాడు. "ఇది అబద్ధం చెబుతోందండీ. దీనికి నేనిలా నేర్పలేదు. తప్పు నాది."

ఓనరు బయటికి నడిచాడు.

"లైబ్రరీ తెరిచేవాళ్ల జాబితాలోంచి నా పేరు తీసెయ్యి," అన్నాడు మావయ్య.

"నా వల్ల కాదు మావయ్యా."

"నువ్వు కాక ఇంకెవరు తీసినా నేను ఊరుకోను."

తీసింది.

"పోయిందా?"

"పోయింది."

కనెక్టర్ బొమ్మ మళ్లీ గీసి ప్రింటు తీసిందామె. అలవాటు చొప్పున ఆయన చెయ్యి చాచాడు. గీతలున్న వైపు పైకి ఉండేలా పరిచి, ఆయన వేళ్లు పట్టుకుని చోటు చూపించింది. ఆయన మెల్లగా నొక్కాడు.

"దిగిందా?"

"దిగింది మావయ్యా."

"అయితే పేరు పెట్టు."

'చూశాను' పక్కన మొదటిసారి తన పేరు కొట్టింది. నీళ్లు నిండిన కళ్లకు అక్షరాలు మసగ్గా కనిపించాయి.