తొమ్మిది, నాలుగు

క్యాన్సర్ వార్డులో రోగుల నొప్పిని కొలిచేందుకు అనువదించిన ప్రశ్నపత్రాన్ని పరీక్షించే పని గుమస్తాగారిది. ముప్పయ్యేళ్లు ఆఫీసు ఉత్తరాలకు నకళ్లు తీసిన మనిషి. స్టూలుపై నిటారుగా కూర్చుని ప్రతి ప్రశ్ననూ పొల్లుపోకుండా చదివేవారు. మూడు రోజుల తరువాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగేవారు. రెండు జవాబులూ కలిస్తేనే అనువాదం నిలిచినట్టు. సొంతమాట ఒక్కటీ కలపరాదు.

కిటికీ పక్క మంచంమీది పెద్దావిడ మొదటిసారి నొప్పి పదికి తొమ్మిది అన్నది. రెండోసారి దుప్పటి అంచు మెలిపెడుతూ, "తొమ్మిదన్నా మందు మార్చలేదు. ఎక్కువ చెప్పానని డాక్టరుగారికి కోపమొచ్చిందా, బాబూ?" అని అడిగింది. "ఈ కాగితం ఆయన దాకా పోదమ్మా. ప్రశ్న అర్థమవుతోందా అని చూడటానికే." ఆవిడ నమ్మలేదు. "పోనీ, నాలుగు వేసుకోండి. తగ్గించి చెబితే కనికరిస్తారేమో." పక్కమంచం ఆవిడ, "కూరగాయల బేరమా, పిన్నీ?" అని నవ్వబోయి దగ్గింది. రోగి చెప్పిందే రాయాలి గనుక గుమస్తాగారు నాలుగే వేశారు. సాయంత్రం, ఈ ప్రశ్నపత్రం తయారుచేయించిన పరిశోధకుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "పొంతన లేదు. ఈవిణ్ణి లెక్కలోంచి తీసెయ్యండి," అన్నాడు. "అర్థమయ్యే చెప్పిందండీ. నొప్పి తగ్గలేదు." "అది రాయడానికి ఇందులో గడి లేదు కదండీ." గుమస్తాగారు కళ్లజోడు సర్దుకుని, ఆవిడ పేరుకెదురుగా, తీసేసిన కారణం రాసే గడిలో, "ప్రశ్న అర్థం కాలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాశారు.