వరికి కడసారి నీళ్లు

మా వదిన జానకమ్మాళ్ గొంతు గురించి ముందే చెప్పాలి. మదురై దగ్గర వాడిపట్టిలో తన పొలం గట్టు మీద నిలబడి ఆమె మామూలుగా మాట్లాడితే అవతలి గట్టున మేసే ఎనుములు తలెత్తి చూస్తాయి. ఆ గొంతు మూయించడం మా అన్న బతికి ఉన్నన్నాళ్లూ ఆయన వల్ల కాలేదు. మా అమ్మ వల్ల అసలే కాలేదు. చివరికి సర్కారు మూయించింది, అదీ కుర్చీలోంచి లేవకుండా.

నా పేరు కృష్ణరాజ్. కోయంబత్తూరు పక్కన అన్నూరులో చిన్న మగ్గాల షెడ్డు నడుపుకుంటున్నాను. మా వాళ్లు తెలుగు నేల విడిచి ఈ వైపు వచ్చి ఎన్ని తరాలైందో మాకే తెలియదు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఇంటిపేరు మాకు ఏ కార్డులోనూ ఉండదు. కార్డులో ఉండేది తండ్రి పేరులో మొదటి అక్షరం, ఆపైన మన పేరు, అంతే. అయినా మావాళ్లు ఇద్దరు ఎదురుపడితే మొదట అడిగేది ఇంటిపేరే. మేము చెరుకూరోళ్లం. కోయంబత్తూరులో మిల్లు నడిపేవాడైనా, కంబంలో ద్రాక్షతోటకు కాపలా ఉండేవాడైనా చెరుకూరోడు చెరుకూరోడే.

మాలో ఒక కట్టుబాటు ఉంది. పెద్దింటి నుంచి ఒక మాట బయల్దేరితే, అందుకున్న ప్రతి ఇల్లూ దాన్ని ఒక్క ముక్క మార్చకుండా తర్వాతి ఇంటికి అందించాలి. ఒకసారి కంబం బావ హరిహరన్ పెళ్లిపిలుపులో మర్యాదకని 'వీలైతే' అన్న మాట సొంతంగా కలిపాడు. ఆ వైపు చుట్టాలెవరికీ వీలు కాలేదు. వదిన అప్పటి నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. పెద్దిల్లు వదినది మరి.

మా అమ్మాయి రంజని ఫోన్లలో చెరుకూరోళ్లకు ఒక గ్రూపు పెట్టినప్పుడు ఈ కట్టుబాటు కూడా ఫోన్లోకి ఎక్కింది. ఎన్నడూ ఎక్కడా రాసి చూసుకోని ఇంటిపేరు తెర మీద కనబడేసరికి మావాళ్లకు కళ్లు చెమర్చాయి. అందరూ తమ తమ ఖాతాలకు 'చెరుకూరోళ్లు' అనే పేరు పెట్టుకున్నారు. ఫోటో అడిగితే అందరూ కులదేవత ఫోటోనే పెట్టారు. తన మొహం ఎవడు చూడాలి, అమ్మవారి మొహం ఉండగా!

ఈ ఏడు వదిన వరి పొట్టకొచ్చే వేళకు కాలువ ఎండింది. నీళ్లు పైన పెద్ద కాలువలో ఉన్నాయి. మా పిల్లకాలువ షట్టరుకు తాళం ఉంది, తాళంచెవి కాలువల శాఖ దగ్గర ఉంది. పేపర్లో మాత్రం నీళ్లు చివరి మడి దాకా చేరాయని ఆ శాఖ ప్రకటన వేయించింది. వదిన పేపరు ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని కాలువలోకి దిగి వీడియో తీసింది.

"చూడండప్పా, ఇది మన వాయిక్కాలు. దీంట్లో నీళ్లు ఉండాదని పేపర్లో ఏసినారు. నా కండ్లకు కానరాలేదు, మీ కండ్లకు కానొస్తే చెప్పండి. వరి పొట్టకొచ్చి ఉండాది, ఇంగొక తడి కావల్ల. తాళం తియ్యండి సామీ."

పెద్దింటి మాట కదా. మేమంతా ఆ వీడియోనే, ఆ మాటలే, ఒక్క అక్షరం మార్చకుండా మా మా పేజీల్లో పెట్టాం. సాయంత్రానికి అందరి ఖాతాలూ మూతపడ్డాయి. వదిన వీడియో మీద ఎర్రగా 'అబద్ధం' అనే ముద్ర పడింది. ఖాతాలు నడిపే కంపెనీ పంపిన నోటీసును రంజని చదివి వినిపించింది. ప్రభుత్వ ఆదేశం మేరకు ఖాతాలను తొలగించడమైనది. ఆదేశం రహస్యము. కారణం కూడా రహస్యము. అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో తెలుపవచ్చును. పొట్టమీదున్న వరి ముప్పై రోజులు ఆగుతుందేమో ఎవరూ దాన్ని అడగలేదు.

నేనూ వదినా మదురై వెళ్లి సమాచార శుద్ధి విభాగం అనే ఆఫీసు వెతికి పట్టుకున్నాం. అక్కడి అధికారి సెంథిల్. చాలా మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. ఆయన తమిళంలో అన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను.

"అమ్మా, ఒకే పేరు, ఒకే ఫోటో, ఒకే మాటలు, ఇన్ని వందల ఖాతాలు. వీటిని నడిపిస్తున్నది ఎవరు?"

"నడిపించేదేంది సామీ, అంతా మావోళ్లే. పెద్దింటి మాట మారిస్తే తప్పు కాదా?"

"మీ కార్డులో ఈ పేరు లేదే?"

"మీ కార్డుకు ముందే మాకు పేరుండె."

ఆయన దాన్ని రాసుకున్నాడు. ఏమని రాసుకున్నాడో మాకు చూపించలేదు, అది కూడా రహస్యమే కాబోలు. అప్పుడు నేను అడిగాను, వీడియో అబద్ధమని ఎవరు తేల్చారు సార్ అని. సంబంధిత శాఖను అడిగి తేల్చామన్నాడు. సంబంధిత శాఖ అంటే కాలువల శాఖ. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అనే సామెత విన్నాను గానీ, ఆ తాళం భద్రంగా ఉందని సర్టిఫికెట్ కూడా వాడే ఇస్తాడని అప్పుడే తెలిసింది.

"ఒక్కసారి వచ్చి చూడరాదా సామీ? బస్సులో కూచుంటే దిగేది మావూర్లోనే," అంది వదిన.

"మేము ఇంటర్నెట్ మాత్రమే చూస్తామమ్మా. పొలం మా పరిధిలోకి రాదు. ఈ దేశంలో ఎవరైనా ఏదైనా స్వేచ్ఛగా చెప్పవచ్చు. అది నిజమని ఆఫీసు ఒప్పుకుంటే చాలు."

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఆ వారంలోనే ఒక ఉదయం అన్నూరులో మా గుమ్మం ముందు వదిన నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు. మాలో చావు కబురు తెచ్చినవాళ్లే అలా గడప బయట నిలబడతారు.

"ఎవరు పోయారు వదినా?"

"మన వరి. ఇంగా పానం ఉండాది. శుక్రవారం వచ్చి కడసారి నీళ్లు పోసి పోండి."

అంతే చెప్పి బస్సెక్కడానికి వెళ్లిపోయింది. ప్రాణం పోయేవాళ్ల నోట్లో బంధువులు చెంచాడు నీళ్లు పోసి రావడం మా ఆచారం. పెళ్లికి పిలిస్తే సాకు చెప్పి తప్పించుకోవచ్చు. ఈ కబురుకు పగవాడైనా రావలసిందే. నేను చెప్పులు తొడుక్కుని పక్కింటికి నడిచాను, గడప బయట నిలబడి అదే మాట, మార్చకుండా చెప్పాను. ఆ మాటను మూసేయడానికి మధ్యలో ఏ కంపెనీ లేదు.

శుక్రవారం వాడిపట్టి కాలువ గట్టు మీద కార్లు, ట్రాక్టర్లు, మోటారుసైకిళ్లు. కోయంబత్తూరు మిల్లు గోకులకృష్ణన్ పెద్ద కారులోంచి మినరల్ వాటర్ సీసాతో దిగి, బూట్లు విప్పి, మడిలోకి వెళ్లి పోశాడు. కంబం హరిహరన్ బావ బండి మీద క్యాన్ కట్టుకొచ్చాడు. ముసలమ్మలు చెంబులతో వరుసలో నిలబడి, ఒక్కొక్కరే ఎండిన దుబ్బు మొదట్లో నీళ్లు పోసి కళ్లు తుడుచుకున్నారు. నవ్వుదామని వచ్చిన ఊరి కుర్రకారు కూడా నవ్వలేకపోయింది. నాకైతే ఏడుపొచ్చింది, దాచుకోవలసిన పనేముంది.

పేపరువాళ్లు ఫోటోలు తీస్తుండగా సెంథిల్ వదినకు ఫోన్ చేశాడు. అనుమతి లేకుండా గుంపు కట్టారట.

"చావుకు వచ్చినోళ్లను గుంపనరు సామీ, చుట్టాలంటారు. మీరూ రండి, ఒక చెంబు పోయండి," అంది వదిన. ఫోన్ లేకపోయినా ఆయనకు వినబడేంత గట్టిగానే అంది.

ఫోటోలు మర్నాడు పేపర్లో పడతాయని తెలిసిందో ఏమో, పొద్దు గూకక ముందే కాలువల శాఖ జీపు వచ్చి షట్టరు తాళం తీసింది. నీళ్లు బుసబుసమంటూ వచ్చాయి. దిగువ మడి బతికింది. ఎగువ మడి అప్పటికే ఎండిపోయి ఉంది, దానికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

అయినా వదిన గుణం చూడండి. రంజని ఫోను అడిగి తీసుకుని, అది కొత్తగా తెరిచిన ఖాతాలో, పారే కాలువను చూపిస్తూ, ఇవాళ నీళ్లు వచ్చినాయి, తాళం తీసినోళ్లకు పున్నెం ఉండాది అని వీడియో పెట్టింది. మర్నాటికి దాని మీద కూడా 'అబద్ధం' ముద్ర పడింది. రికార్డు ప్రకారం నీళ్లు మూడు వారాల క్రితమే వచ్చాయి కాబట్టి, ఇవాళ వచ్చాయనడం తప్పుడు సమాచారమట. సర్కారును తిట్టిన నోరు ఎలాగూ మూశారు, పొగిడిన నోరు కూడా మూయడం నేను ఎక్కడా చూడలేదు.

కోతలయ్యాయి. ఎగువ మడిలో చేతికొచ్చింది అంతా గింజ పట్టని తాలే. పంట నష్టానికి అర్జీ పెడితే, సదరు కాలువ కింద నీటి కొరత లేదు అని జవాబు వచ్చింది. పేపరు ఫోటోల్లో పడింది చుట్టాలూ చెంబులే, కాలువ ఎండిందనడానికి వదిన దగ్గరున్న సాక్ష్యం ఆ మొదటి వీడియో ఒక్కటే, దాని మీద సర్కారు ముద్ర ఉంది.

వదిన నన్ను వెంటబెట్టుకుని మళ్లీ మదురై వెళ్లింది. సెంథిల్ మళ్లీ మర్యాదగా కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. కొంగుముడి విప్పి, తాలు వెన్నులు గుప్పెడు తీసి ఆయన బల్ల మీద పోసింది. మొదటిసారి ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను.

"ఇది మీ పరిధిలోకి వచ్చేసినాది సామీ. దీన్ని అబద్ధమని చెప్పండి."

ఆయన గంట కొట్టి ప్యూన్‌ను పిలిచి బల్ల తుడిపించాడు.