పాలతో వేసిన గోలీ

మా అమ్మ లెక్కలో ఏ మందుగోలీ అయినా వేడే. పాలతో మింగకపోతే పేగులు కాలుతాయని ఆమె గట్టి నమ్మకం. బాపుకు వణుకుడు రోగమని తేలాక పూటపూటకూ మేకపాలు కాచి వాటితోనే గోలీ మింగించేది. పైన ఉడికిన గుడ్లు. నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను. ఎప్పుడైనా సైన్సు మాట ఎత్తితే, "నీ పాఠం పిల్లలకు చెప్పుకోపో" అని నా నోరు మూయించేది.

మా ఊరు కొత్త జిల్లాలోకి పోయిన ఏడాది అది. బాపును తీసుకుని మహబూబ్‌నగర్ డాక్టరు దగ్గరికి బయలుదేరాను. కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు దాటితేనే మాకు బస్సు. సగం రోడ్డులో బాపు ఆగిపోయాడు. పడలేదు, తూలలేదు, ఆగాడంతే. పొద్దంతా గొర్రెల వెంట నడిచిన మనిషి.

"నడువు బాపూ."

"కాళ్లు లేస్తలేవు బిడ్డా."

గొంతు కూడా సన్నబడిపోయింది. హారన్ల మోతలో ఆయన పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. ఒక లారీ నేరుగా మా మీదికే వస్తోంది. గుంజాను, కదల్లేదు. ఇద్దరం ఇక్కడే పోతామనుకున్నాను. లారీ కీచుమని ఆగింది. తిడదామని దిగిన డ్రైవరు బాపు ముఖం చూసి, తిట్టు మింగి, రెండో రెక్క పట్టుకున్నాడు.

డాక్టరు అంతా విని ఒక్కటే అడిగాడు.

"గోలీ దేంతోటి వేస్తున్నరు?"

చెప్పాను. మోతాదు పెంచితే లేనిపోనివి కనబడతాయి, కలవరింతలు మొదలవుతాయి, ముందు పాలు మాని చూడండి అన్నాడు. అప్పటికీ కాళ్లు కదలకపోతే మంచమే గతి అని ఆయన అనలేదు. నాకే తట్టింది.

ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. పాలు, గుడ్లు అరిగితే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలవుతాయి. వాటిలో టైరోసిన్ అనే ముక్కను మెదడులో కొన్ని కణాలు డోపాగా, డోపాను డోపమైన్‌గా మారుస్తాయి. అది ఉంటేనే మెదడు చెప్పిన మాట కాలు సాఫీగా వింటుంది.

"గుడ్డుల గా ముక్క ఉన్నదంటివి గదా. ఎక్కువ పెడితే ఎక్కువ తయారవ్వద్దా?"

ఆమె ప్రశ్న సరైనదే. మా బడి పిల్లలెవరూ అట్లా అడగరు.

"చేసే కణాలే సచ్చిపోతున్నయమ్మా. అందుకే డోపానే గోలీ చేసి ఇస్తున్నరు. అదీ అసొంటి ముక్కనే. పేగు దాటాలన్నా, మెదడులకు పోవాలన్నా అన్నిటికీ ఒక్కటే తొవ్వ. మన దొడ్డి తడిక తీస్తే గొర్లన్నీ ఎగబడ్డట్టు. బక్క పిల్ల బయటనే ఉంటది. గా బక్కది గోలీ."

"ఎగబడేటియి నేను పెట్టిన పాలా?"

"పాలు, గుడ్లు. రాత్రి బువ్వతోటి పెట్టు, పొద్దుగాల వద్దు."

ఆమె నమ్మలేదు. మర్నాడు పొద్దున బాపుకు ఉత్త నీళ్లతో గోలీ వేశాను. అమ్మ కాచిన పాల గ్లాసు పట్టుకుని గుంజకు ఆనుకుని నిలబడింది. "ఖాళీ కడుపుల ఏమన్న అయితే నీదే బాధ్యత" అంది. మంచం మీద బాపు వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. నాకు రోడ్డు మీదికన్నా ఇక్కడే ఎక్కువ భయమేసింది.

అరగంట దాటినట్టుంది. వేళ్లు నెమ్మదించాయి. బాపు మంచం పట్టె పట్టుకుని లేచాడు. వాకిలి దాకా నడిచాడు. మలుపు తిరగడమే ఆయనకు గండం. తిరిగాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అమ్మ మాత్రం నవ్వలేదు.

"అంటే ఇన్నొద్దులు ఆయనను నేనే కట్టేసిన్నా?"

బాపు నడుచుకుంటూ వచ్చి అలవాటుగా గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఆయన అడిగింది ఆమె కాదనడం నా పుట్టుకలో చూడలేదు. గ్లాసును కొంగు చాటుకు దాచుకుని, "రాత్రికి ఇస్త" అంది, కళ్లు తుడుచుకోకుండానే.