ట్రాలీ వెనక్కి తోలడం

ట్రాక్టర్ ముందుకు నడపడం నాకు వారంలో వచ్చింది. ట్రాలీ తగిలించి వెనక్కి తోలడమే రాలేదు. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రాలీ వెనక భాగం కుడికి పోతుందని మా ఆయన రోజుకు పదిసార్లు చెప్పేవాడు. వింటున్నప్పుడు అర్థమైనట్టే ఉండేది. సీటెక్కితే ట్రాలీ అడ్డం తిరిగేది. ఆయన అరిచేవాడు, నేను అంతకంటే గట్టిగా అరిచేదాన్ని.

చూసి చూసి మా అత్త నన్ను కొట్టంలోని పాత ఎద్దుల బండి దగ్గరికి తీసుకుపోయింది. “ముందర ఆ నొగ పట్టుకోని బండిని ఎనక్కి నూకు అమ్మే,” అనింది. బండి ముందుకు పొడుచుకొచ్చిన ఆ పొడవాటి నొగ కొయ్యను ఎడమకు నెట్టాను. బండి తోక కుడికి తిరిగింది. కుడికి నెడితే ఎడమకు పోయింది. నాలుగుసార్లు నెట్టేసరికి తలకెక్కనిది చేతులకు తెలిసింది. బండిని ట్రాలీ అనుకుంటే, నేను నిలబడిన చోట ట్రాక్టర్ ఉంటుంది, అంతే.

ఈ ఏడాది పులివెందుల మార్కెట్లో చీనీకాయల ట్రాలీని రెండు లారీల నడుమకు వెనక్కి తోలి పెట్టాల్సి వచ్చింది. “దిగమ్మా, నేను పెడతా,” అన్నాడు ఒక లారీ డ్రైవర్. నేను దిగలేదు. ఒక్క విడతలో పెట్టేశాను.

“యాడ నేర్చుకున్యావమ్మా?” అన్నాడతను.

“మా అత్త కాడ.”

“ఆయమ్మ ట్రాక్టర్ తోల్తాదా?”

“ఇంతవరకూ ఎక్కిందే లేదు,” అన్నాను.