ఎలీసబెతు పేరు పెట్టిన అర్జీ

నారాయణఖేడ్ తహసీల్ ఆఫీసు ముందు ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్న ఎలీసబెతుకు ఒక పట్టింపు ఉంది. ప్రతి అర్జీ అడుగున "రాసినది: ఎలీసబెతు" అని పెడుతుంది. తన కళ్లతో చూసుకోని మాట అందులో ఒక్కటున్నా సరే, ఆ పేరు పెట్టదు.

ఆ పొద్దున తిరుమల ఆరునెలల కడుపుతో వచ్చి బల్ల ముందు కూలబడింది. పప్పు మిల్లులో పని. కాన్పు సెలవు అడిగితే సేటు ఏకంగా పనిలోంచే తీసేశాడు. వెనకనే నిలబడ్డ భర్త సంగమేశ్ ఫోను చాపాడు.

"ఏఐని అడిగిన అవ్వా. ఏడాది నిండకుంటే సెలవు రాదంటుంది. ఇగ అర్జీ దండుగ."

"అది ఏ చట్టం చూసి చెప్పిందిరా?"

"దానికి అన్నీ తెలుసు. నిన్న మా ఎద్దుకు మందు గూడ చెప్పింది."

"అట్లయితే ఎద్దుకు కాన్పు సెలవు కావాల్నన్నప్పుడు దాన్నే అడుగుదాం."

తిరుమల ఏడుపులోనే నవ్వింది.

ఎలీసబెతు తన పాత కంప్యూటర్ తెరిచింది. అందులో ఒక్క కార్మిక చట్టాలకే చేసిన ఏఐ ఉంది. దాన్ని వాడటం సంగారెడ్డి వకీలు దగ్గర కూర్చుని నేర్చుకుంది. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఎనభై రోజులు చేస్తే చాలని అది చెప్పింది. కింద చట్టంలోని వాక్యాన్నీ చూపింది.

"ఎన్ని రోజులు చేసినవ్ బిడ్డా?"

"మూణ్ణెల్లు."

"తొంభై! అయిపాయె," అన్నాడు సంగమేశ్.

ఎలీసబెతు కలం ముట్టలేదు. వారానికోసారి అంగడి జరిగే రోజు మిల్లు మూత, ఆ రోజుకు కూలి ఉండదని ఆమెకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు.

"నువ్వు పనిచేస్తుండంగ ఎన్ని అంగళ్లు దాటినయ్?"

తిరుమల వేళ్లు మడిచింది. "పదమూడు."

వారానికి ఆరు. డెబ్బై ఎనిమిది. రెండు రోజులు తక్కువ.

"మిల్లు మోటరు కాలిన వారం ఆ పదమూడు లెక్కల పట్టలే అవ్వా," అంది తిరుమల మెల్లగా. "ఆరు రోజులు పోయినం. రోజూ వాపస్ తోలిండ్రు. పని చెయ్యలే గదా!"

సంగమేశ్ ఫోనును అడిగాడు. చేయని రోజులు లెక్కకు రావంది. చట్టాల ఏఐని ఎలీసబెతు అడిగింది. యంత్రం చెడి యజమాని పని ఆపిన రోజులు లెక్కకు వస్తాయంది. ఆమె అంతటితో ఊరుకోలేదు. అట్టలూడిన చట్టాల పుస్తకం తీసి, ఆ వాక్యం దొరికేదాకా వేలుతో వెతికింది. దొరికింది.

ఎనభై నాలుగు రోజులని అర్జీలో రాసింది. తిరుమలకు రెండుసార్లు చదివి వినిపించి, అడుగున తన పేరు పెట్టింది.

కార్మిక శాఖ ఆఫీసులో విచారణ రోజు మిల్లు గుమాస్తా ఎనభై రోజులు కాలేదని గట్టిగా వాదించాడు. కార్మిక అధికారి హాజరు పట్టీ తెప్పించి, మోటరు కాలిన వారంతో కలిపి లెక్కపెట్టాడు. తిరుమలను పనిలోకి తీసుకోవాలని, కూలితో సెలవు ఇవ్వాలని చెప్పాడు. తర్వాత అర్జీ చివరికంటా చదివి తలెత్తాడు.

"ఎవరు రాసిండ్రు ఇది?"

తిరుమల నోరు తెరిచేలోపే వెనక బెంచీ మీంచి ఎలీసబెతు లేచి, కొంగు సర్దుకుని నిలబడింది.

"నేనే సార్. పేరు కిందనే ఉన్నది."